కేసు కొట్టేశారని మిఠాయి తెచ్చిన లక్ష్మక్క

అది 2024వ సంవత్సరం, బోనాల నెల. కొత్తగూడ చౌరస్తాలో ఫ్లైఓవర్ దిగి సందులోకి తిరిగితే, మందుల దుకాణం పైన రెండు గదులు మా వకీలాఫీసు. వకీలు వసుంధర మేడం. నేను ఆమె దగ్గర గుమాస్తాను. వకీలు గుమాస్తాకు పనేముంటుందని చాలామంది అడుగుతారు. కాగితాలు కోర్టులో దాఖలు చేయాలి, నకళ్లు తేవాలి, అన్నిటికన్నా ముందు వాయిదాలు కనుక్కుని వకీలుకు చెప్పాలి. ఏ కేసు, ఏ కోర్టు, ఏ తేదీ. ఈ మూడు ముక్కలే. అందులో ఒక్క ముక్క తప్పితే ఏమవుతుందో ఆ ఏడాది నా కళ్లతో చూశాను.

నేను చదివింది ఏడో తరగతి. మేడం దగ్గర మొదట ఆఫీసు ఊడ్చి చాయ్ పెట్టడానికి చేరాను. ఒకసారి మేడం ఏదో పాత కేసు వాయిదా మర్చిపోయి కాగితాలన్నీ తిరగేస్తుంటే, చాయ్ గ్లాసు పెడుతూ తేదీ చెప్పాను. ఆ పక్క కేసుదీ చెప్పాను. అప్పటినుంచి చీపురు పోయి ఫైళ్లు చేతికొచ్చాయి.

కేసు అంటే నాకు నంబరు కాదు, మనిషి. నంబరు చెబితే నాకేమీ కనబడదు. ‘ట్రాన్స్‌ఫార్మర్ పక్కింటి కేసు’, ‘ఇద్దరు పెళ్లాల సర్వేయరు కేసు’ అంటే మొత్తం కళ్ల ముందుకొస్తుంది. ఎప్పుడు వేశాం, ఎన్నిసార్లు వాయిదా పడింది, ఆ రోజు జడ్జిగారు ఏమన్నారు, అన్నీ. మేడం డైరీలో రాసేది మేడమే, కానీ నేను నోటితో చెబితేనే రాసేవారు. అప్పటిదాకా ఒక్క తేదీ తప్పలేదు. నాకొక పుస్తకం పెట్టుకోమని మేడం రెండు మూడుసార్లు అన్నారు. నేనే నవ్వేసి ఊరుకున్నాను.

ఇప్పుడు లక్ష్మమ్మల సంగతి. ఆ రోజుల్లో మా దగ్గర ఇద్దరు లక్ష్మమ్మలు ఉండేవారు. ఒకరు కిరాణం లక్ష్మమ్మ. ఆమె కేసు ఎల్బీనగర్ కోర్టులో, ఊరికి ఆ కొసన. ఇంకొకరు ఇస్త్రీ లక్ష్మమ్మ. ఆమెది కూకట్‌పల్లి కోర్టులో. నేను చెప్పబోయేది ఈ ఇస్త్రీ లక్ష్మమ్మ గురించే. నాకన్నా పదేళ్లు పెద్దది, నేను లక్ష్మక్కా అంటాను.

సాఫ్ట్‌వేర్ కంపెనీల వాళ్లుండే హాస్టళ్ల మధ్య లక్ష్మక్కకు ఒక రేకుల గది. ముందు ఇస్త్రీ బల్ల, వెనక వంట, పడక. ఈ అద్దాల మేడలేవీ లేనప్పుడు ఆమె పెనిమిటి ఆ జాగా సాదా కాగితం మీద కొన్నాడు. రిజిస్ట్రేషన్ లేదు, సాక్షుల వేలిముద్రలు మాత్రం ఉన్నాయి. ఆయన పోయాడు, కాగితం మిగిలింది. పక్కనే అయిదంతస్తుల హాస్టల్ కట్టిన యాదయ్య, ఆ జాగా తనదేనని దావా వేశాడు. అతనికి అక్కడ కార్లు పెట్టుకోవడానికి చోటు కావాలి. కింది కోర్టు యాదయ్య పక్షాన తీర్పిచ్చింది. గది ఖాళీ చేసి ఇవ్వమంది.

దాని మీద మేము అప్పీలు వేశాం. అప్పీలు అంటే, కింది కోర్టు తప్పు చేసింది, మీరు మళ్లీ చూడండని పై కోర్టును అడగడం. దాంతో పాటు స్టే కూడా తెచ్చాం. అప్పీలు తేలేదాకా ఆమెను కదిలించవద్దని ఉత్తర్వు. ఇక్కడొక సంగతి గుర్తుంచుకోవాలి. స్టే అనేది అప్పీలును పట్టుకుని బతికే తీగ. అప్పీలు పడిపోతే దానికి నిలబడే దిక్కుండదు.

లక్ష్మక్క మొదట్లో ప్రతి వాయిదాకూ దుకాణం మూసి వచ్చేది. గుడ్డల గంప ఇంట్లో, ప్రాణం కోర్టులో. ఒకరోజు నేనే చెప్పాను.

“అక్కా, అప్పీలుకు నువ్వు రానక్కర్లే. మేడం ఉంటది. నువ్వెందుకు పరేషాన్ అయితవ్? బేరం చూసుకో.”

“నువ్వున్నవ్ కదనే అండాలూ, ఇంక నాకేం ఫికర్?” అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

జూన్ చివరి వారంలో ఇద్దరు లక్ష్మమ్మల వాయిదాలూ కనుక్కున్నాను. కూకట్‌పల్లిలో జూలై పన్నెండు అన్నారు. రెండు రోజుల తర్వాత ఎల్బీనగర్‌లో ఆగస్టు పన్నెండు అన్నారు. ఇద్దరూ లక్ష్మమ్మలే, రెండూ పన్నెండే. మేడంతో చెప్పేటప్పుడు నెలలు తారుమారు చేశాను. కిరాణం ఆమెది జూలై, ఇస్త్రీ ఆమెది ఆగస్టు అన్నాను. మేడం అలాగే రాసుకున్నారు. చెప్పేటప్పుడు నా గొంతులో ఏ అనుమానమూ లేదు.

జూలై పన్నెండున మేడం పొద్దున్నే ఎల్బీనగర్ వెళ్లారు. అక్కడ ఆ రోజు కేసుల పట్టీలో, అంటే కాజ్ లిస్ట్‌లో, కిరాణం లక్ష్మమ్మ పేరు లేదు. అక్కడినుంచి ఫోన్ చేశారు.

“అండాలూ, ఇది వచ్చే నెల పన్నెండంటున్నారే?”

“వాయిదా మార్చి ఉంటరు మేడం,” అన్నాను.

అప్పుడు కూడా నాకు వెలగలేదు. పైగా నాకొచ్చిన దిగులేమిటో తెలుసా? ఇద్దరు లక్ష్మమ్మలూ ఒకే పన్నెండున పడ్డారే, మేడం అక్కడికీ ఇక్కడికీ ఎలా పోతారని. ఆ దిగులు పడుతున్న గంటలోనే కూకట్‌పల్లిలో కోర్టు బంట్రోతు గుమ్మంలో నిలబడి లక్ష్మమ్మ పేరు మూడుసార్లు పిలిచాడు. అప్పీలు వేసిన మనిషి లేదు, ఆమె వకీలు లేదు. యాదయ్య ఉన్నాడు, అతని వకీలు ఉన్నాడు. జడ్జిగారు ఒక్క వాక్యం రాశారు. డిస్మిస్డ్ ఫర్ డిఫాల్ట్. పిలిస్తే పలకలేదు గనుక కేసు కొట్టివేత అని దాని అర్థం. సాదా కాగితం మంచిదా చెడ్డదా, వేలిముద్రలు నిజమా కాదా, అవేవీ చూడనక్కర్లేదు. పలకకపోవడమే చాలు.

ఇరవై నాలుగు రోజులు మాకెవరికీ తెలియదు.

బోనాలు అయిపోయిన వారం, సోమవారం పొద్దున మెట్ల మీద గాజుల చప్పుడైంది. లక్ష్మక్క కొత్త చీర కట్టుకుని వచ్చింది. చేతిలో మిఠాయి డబ్బా. వచ్చీరాగానే నా నోట్లో ఒక లడ్డు కుక్కింది.

“తినవే అండాలూ! కేసు కొట్టేసిన్రు! నాకు చెప్పకపోతిరి, నేనే తెలుసుకున్న.”

లడ్డు నోట్లోనే ఉంది. నమలడం మర్చిపోయాను. మేడం లోపలి గదిలోంచి లేచి వచ్చారు.

“ఏ కేసు కొట్టేశారు లక్ష్మమ్మగారూ?”

“నాదే మేడం. మా ప్రసన్నమ్మ ఫోన్ల చూసింది. డిఫాల్ట్‌గ కొట్టేసిన్రంట!”

ప్రసన్న అంటే ఎదురు హాస్టల్లో ఉండే కడప అమ్మాయి, పెద్ద కంపెనీలో ఉద్యోగం. లక్ష్మక్క దగ్గరే బట్టలిస్తుంది. కోర్టు కేసులు ఫోన్లో చూసుకోవచ్చని తెలిసి, ముందటి సాయంత్రం నంబరు కొట్టి చూసిందట. ఆ తర్వాత ఆ అమ్మాయి నాతో చెప్పి ఏడ్చింది.

“డిస్మిస్ అంటే అక్క మీద ఉండే కేసు పోయిందనుకుంటినక్కా. డిఫాల్ట్ అంటే మా కంపెనీ కాడ, మనమేమీ చేయకపోయినా దానంతటది వచ్చేది. అదే చెప్పినా.”

ఆ అమ్మాయిదేం తప్పు? మన మాటే అలాంటిది. కేసు కొట్టేశారంటే మన జనానికి తప్పించుకున్నట్టే లెక్క. కానీ కొట్టేసింది ఎవరి కేసు? అప్పీలు వేసింది లక్ష్మక్క. పోయింది ఆమెదే. కంపెనీ వాళ్ల డిఫాల్ట్‌లో ఏమీ చేయకపోయినా ఉన్నది ఉంటుంది. కోర్టు డిఫాల్ట్‌లో ఏమీ చేయకపోతే ఉన్నదీ పోతుంది.

మేడం ఫోన్ తీసి చూశారు.

“జూలై పన్నెండు. అండాలూ, ఆ రోజు మనం ఎక్కడున్నాం?”

“ఎల్బీనగర్ల మేడం.”

ఆ మాట నా నోటినుంచి వస్తుండగానే రెండు పన్నెండులూ తలలో విడివిడిగా నిలబడ్డాయి. ఏది ఎవరిదో అద్దంలో చూసినట్టు కనబడింది.

“తప్పు నాదే మేడం. నెల తారుమారు చెప్పిన.”

మేడం తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. లక్ష్మక్కను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. అప్పీలు పోయింది, దాంతో స్టే పోయింది, ఇప్పుడు యాదయ్య ఎప్పుడైనా గది ఖాళీ చేయించుకోవచ్చని. లక్ష్మక్క మిఠాయి డబ్బా మూత మెల్లగా పెట్టింది. మూత సరిగ్గా పట్టలేదు. మళ్లీ తీసి మళ్లీ పెట్టింది.

“అంటే నేను ఇల్లిల్లూ తిరిగి పంచింది నా ఇల్లు పోయినందుకా?” అని మాత్రం అడిగింది.

మధ్యాహ్నం మేడం కోర్టుకు పోయి కనుక్కున్నారు. తీర్పు అమలు చేయించమని యాదయ్య వేసి, స్టేతో ఆగి ఉన్న పిటిషన్ అప్పటికే కదిలింది. కోర్టు అమీను, అంటే తీర్పును అమలు చేసే ఉద్యోగి, శుక్రవారం వచ్చి గది స్వాధీనం చేసి ఇస్తాడు. మాకు మిగిలింది నడుమ మూడు రోజులు. హాజరు కాకపోవడం వల్ల పోయిన అప్పీలును మళ్లీ నిలబెట్టమని అడిగే దారి ఒకటుంది. దాన్ని రెస్టొరేషన్ పిటిషన్ అంటారు. ముప్పై రోజుల్లోపు వేయాలి, రాకపోవడానికి తగిన కారణం ప్రమాణం చేసి చెప్పాలి. ఆ ప్రమాణ పత్రమే అఫిడవిట్.

ఇలాంటి కారణాలకు కోర్టుల దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మా ఆఫీసు కంప్యూటర్లో కూడా ఒక కాగితం ఉండేది. దాని పేరే ‘కామెర్లు’. ఎవరి పిటిషన్ ఆలస్యమైనా ఆ కాగితం తీసి, పేరు మార్చి, తేదీ మార్చి వేయడమే. ఆ లెక్కన మా కక్షిదారుల్లో సగం మందికి పచ్చకామెర్లు వచ్చి పోయాయి.

మేడం అలసిపోయి ఉన్నారు. ఆ కాగితమే తెరిచారు. పేరు మార్చి పైకి చదివారు. “జూలై పన్నెండు నాటికి నేను పచ్చకామెర్లతో మంచం పట్టి ఉన్నందున, నా వకీలును కలిసి సంగతులు చెప్పలేకపోయినందున...”

“ఆగు మేడం,” అంది లక్ష్మక్క. “కామెర్లు ఎవరికి?”

“అలా రాయడం మామూలండి. కోర్టు ఒప్పుకుంటుంది.”

“కోర్టు ఒప్పుకుంటదేమో, యాదయ్య ఒప్పుకుంటడా? ఆ దినం ఆయన లాల్చీ నేనే ఇస్త్రీ చేసిన.”

మేడం చేయి ఆగిపోయింది.

“ఏ లాల్చీ?”

“తెల్లది. ముందు దినం సాయంత్రం తెచ్చి, ‘లక్ష్మీ, జర గంజి పెట్టి గట్టిగ చెయ్యి, రేపు కోర్టుకు పోవాలె’ అన్నడు. నా వాయిదా అయితే అండాలు చెప్తదిగ, ఇంకేదో కేసున్నట్టుంది ఈయనకు అనుకున్న. పొద్దున్నే వచ్చి తీసుకపోయిండు. నా చేతిలకెల్లే తీసుకపోయిండు మేడం. మంచాన పడ్డదాన్ని అంటే నవ్వడా?”

ఆమె అప్పీలు పడిపోయిన రోజున, దాన్ని పడగొట్టడానికి పోయిన మనిషి తొడుక్కున్నది ఆమె గంజి పెట్టిన లాల్చీ. దావా నడుస్తున్నా బట్టలివ్వడం మానలేదతను, తీసుకోవడం మానలేదీమె. కేసు కేసే, బేరం బేరమే అనేది. ఆ లాల్చీ చూసి కూడా కోర్టుకు పోయి చూద్దామని అనుకోకుండా ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది నేను. రావద్దని చెప్పింది నేను.

“మరి ఏం రాద్దాం?” అన్నారు మేడం. అడిగింది లక్ష్మక్కను. చూసింది నన్ను.

“జరిగిందే రాయండి మేడం,” అన్నాను. “నేను సంతకం పెడత.”

మేడం ఆ కామెర్ల కాగితం మూసేసి ఖాళీ కాగితం తెరిచారు. రెండు అఫిడవిట్లు తయారయ్యాయి. ఒకటి నాది. ఇద్దరు లక్ష్మమ్మలు, రెండు పన్నెండులు, నేను చేసిన తారుమారు. రెండోది మేడంది. గుమాస్తా చెప్పింది కోర్టు రికార్డుతో సరిచూసుకోవలసిన బాధ్యత తనదేనని, ఎల్బీనగర్‌లో కేసు లేదని తెలిసినప్పుడైనా చూసుకోలేదని. ఒక వకీలు తన పేరు కింద అలాంటి మాట రాసుకోవడం చిన్న సంగతి కాదు. తోటి వకీళ్లందరూ చదువుతారు. టైపు చేస్తున్నంతసేపూ మేడం పెదవి కొరుక్కుంటూనే ఉన్నారు.

గురువారం పిటిషన్ విచారణకు వచ్చింది. మళ్లీ స్టే ఇమ్మని కూడా అందులోనే అడిగాం. లక్ష్మక్క ఆ రోజు దుకాణం మూసి వచ్చింది. నేను వద్దనలేదు.

యాదయ్య వకీలు పెద్దాయన, మాటకారి. లేచి నవ్వాడు.

“సార్, ఇదివరకు కామెర్లు వచ్చేవి, ఇప్పుడు గుమాస్తాలు వస్తున్నారు. వకీలు తప్పు చేసినప్పుడల్లా గుమాస్తా మీదికి నెట్టడం ఈమధ్య ఫ్యాషన్ అయిపోయింది.”

హాలంతా నవ్వింది. మేడం చెవులు ఎర్రబడ్డాయి.

“గుమాస్తా మీదికి నెట్టలేదు సార్. నా అఫిడవిట్ కూడా చూడండి. తప్పు మా ఆఫీసుది. అప్పీలుదారుది మాత్రం కాదు,” అన్నారు.

జడ్జిగారు రెండూ చదివారు. తర్వాత తలెత్తి, “ఈ గుమాస్తా వచ్చిందా?” అని అడిగారు.

ఇన్నేళ్లుగా కోర్టు గుమ్మాల దగ్గర నిలబడ్డాను గానీ, జడ్జిగారు నాతో మాట్లాడటం అదే మొదలు. ముందుకు వెళ్లి చేతులు కట్టుకున్నాను.

“వాయిదాలు ఎక్కడ రాసుకుంటావమ్మా?”

“రాసుకోను సార్. యాదికుంటయి.”

“గుర్తులేకనే కదా ఇంత జరిగింది?”

“కాదు సార్,” అన్నాను. నోరెలా పెగిలిందో నాకే తెలియదు. “గుర్తులేక తప్పు కాలే. గుర్తుంటదన్న ధీమాతోటి రాసుకోలే. అదే తప్పు.”

జడ్జిగారు కలం మూత తీశారు.

“అప్పీలుదారును కోర్టుకు రావద్దని చెప్పిందెవరు?”

“నేనే సార్.”

“ఆమె మీ మాట నమ్మి ఇంట్లో ఉంది. మీరు రాలేదు. మీ ఆఫీసు పొరపాటుకు ఆమె ఇల్లు పోవడం న్యాయం కాదు,” అన్నారు. అప్పీలు మళ్లీ నిలబెట్టారు, స్టే మళ్లీ ఇచ్చారు. అవతలి వాళ్లకు ఇవ్వాల్సిన ఖర్చులు వకీలే భరించాలని, కక్షిదారు దగ్గర తీసుకోకూడదని మేడంకు చెప్పారు. మేడం తల వంచారు.

శుక్రవారం పొద్దున అమీను రానే వచ్చాడు. వెనక యాదయ్య, అతని వెనక సామాను మోసే ఇద్దరు. మేడం ఉత్తర్వు నకలు చూపించారు. అమీను చదివి, తన కాగితాల మీద ఏదో రాసుకుని, “ఇగ మాకు పని లేదమ్మా,” అని బండెక్కాడు. యాదయ్య మాత్రం ఎటు చూడాలో తెలియక ఇస్త్రీ బల్ల వైపు చూశాడు.

“అన్నా,” అంది లక్ష్మక్క, “నీ అంగీలు రెండు అయినయి. ఎట్లాగూ వచ్చినవ్ గద, తీస్కపో.”

అతను తీసుకుపోయాడు. మరేం చేస్తాడు!

ఆ తర్వాత అప్పీలు పూర్తిగా విన్నారు. గెలిచామా అంటే, పూర్తిగా కాదు. కింది కోర్టు ఆ సాదా కాగితం సాక్షులను సరిగా విచారించలేదని, మళ్లీ విచారించమని కేసు వెనక్కి పంపారు. వేలిముద్ర వేసిన ముసలాయన ఒకడు ఇంకా బతికి ఉన్నాడు. ఆయన చెప్పేది వినడానికి ఒక కోర్టు కూర్చుంది. జూలై పన్నెండు అలాగే ఉండిపోతే, అది కూడా ఉండేది కాదు.

ఇప్పుడు నాకు ఒక పుస్తకం ఉంది. ప్రతి కేసుకూ మనిషి పేరు, దాని పక్కన నంబరు, కోర్టు, నెల అక్షరాలతో రాస్తాను. రాసి మేడం ముందు పెడతాను. మేడం ఫోన్లో సరిచూసుకుని టిక్కు పెడతారు. కంప్యూటర్లో కామెర్ల కాగితం తీసేశాం. కేసు కొట్టేశారని ఎవరు చెప్పినా, ఎవరి కేసు కొట్టేశారని అడగమని వచ్చిన ప్రతి కక్షిదారుకూ చెబుతాను. వాయిదాకు రావద్దని మాత్రం ఎవరికీ చెప్పను. వస్తే బేరం పోతుంది, అంతే. రాకపోతే ఏం పోతుందో చూశాను.

యాది ఉండటం మంచి గుణమే, కాదనను. కానీ పిల్లలకు కథలు చెప్పడానికి పనికొచ్చే యాది వేరు, ఒకరి ఇంటి కప్పు నిలబెట్టే యాది వేరు. రెండోదానికి కాగితం తోడు ఉండాలి.

లక్ష్మక్క తన కాపలా తను కాస్తూనే ఉంది. మొన్న సాయంత్రం ఫోన్ చేసింది. పలకరింపు కూడా లేదు.

“అండాలూ, తెల్ల లాల్చీ వచ్చింది. గంజి పెట్టమన్నడు.”

పుస్తకం తీసి, వేలు పెట్టి చూశాను.

“అవునక్కా. రేపే. రాసి ఉంది.”

“సరే, ఆయనది అయినంక నా చీర కూడ ఇస్త్రీ చేసుకుంట,” అని పెట్టేసింది.